మూసిన గొడుగు, తెరిచిన గొడుగు

గొడుగుల దుకాణం వెబ్‌సైటు చూసుకునే మనిషి తన కుర్చీలోనే చనిపోయాడు. ఎదురుగా కాఫీ కప్పు సగం ఖాళీ అయి ఉంది. మానిటర్ ఇంకా వెలుగుతూనే ఉంది. దాని మీద ఒకే ఒక్క వాక్యం కనిపిస్తోంది: ప్లగిన్ విజయవంతంగా అప్‌డేట్ అయింది.

కాఫీలో ఏం కలిసిందో చెప్పడానికి లేబరేటరీకి సాయంత్రం దాకా టైమ్ కావాలి. సీక్రెట్ సర్వీస్ చీఫ్‌కు అంత టైమ్ లేదు. సర్వీసులో అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. ఆయన గొడుగుల దుకాణం వెనక గదిలో కూర్చుని, ఎదురుగా కుదురు లేకుండా తిరుగుతున్న ఏజెంట్‌ను చూస్తున్నాడు.

ఆ ఏజెంట్ కోడ్‌నేమ్ ఉడుత. గోడలెక్కే నేర్పు చూసి పెట్టిన పేరని అతననుకుంటాడు. నిలబడ్డచోట నిలవడు కాబట్టి పెట్టారని మిగతావాళ్లకు తెలుసు.

"కూర్చో," అన్నాడు పెద్దాయన.

"ఇలాగే వింటాను సార్."

పెద్దాయన బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. దుకాణం ముందు భాగంలో నిజంగానే గొడుగులు అమ్ముతారు. దాని వెబ్‌సైటు కూడా మామూలు వెబ్‌సైటే, ఎవరైనా చూడవచ్చు. కానీ సరిహద్దు అవతల దాక్కున్న ఏజెంట్లకు సర్వీసు పంపే సిగ్నల్ అదే. హోమ్ పేజీలో మూసిన గొడుగు కనిపిస్తే దారి క్లియర్, వంతెన దాటి వచ్చేయమని. తెరిచిన గొడుగు కనిపిస్తే ప్రమాదం, ఉన్నచోటే ఉండమని. రెండు గొడుగులకూ రెండు థీములు, అంటే పేజీకి తొడిగే రెండు వేషాలు, ఉన్నాయి. థీమ్ మారిస్తే చాలు, సిగ్నల్ మారిపోతుంది.

వంతెన దగ్గర శత్రు ముఠా కాపు కాసిందని నిన్న కబురు వచ్చింది. వెంటనే తెరిచిన గొడుగు పెట్టించారు. తెల్లారేసరికి అది మూసుకుంది. సైటుకు అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రామును ప్లగిన్ అంటారు. రాత్రి వచ్చిన ఒక ప్లగిన్ అప్‌డేట్‌లో దొంగదారి ఉంది. ముఠా దాని గుండా లోపలికి దూరి, పాస్‌వర్డ్ మార్చేసి, థీమ్ కూడా మార్చేసింది. అప్‌డేట్ నొక్కిన మనిషి నోరు ఆ తర్వాత మూయించింది.

"సైటు ఆపేద్దాం సార్."

"ఆపితే వాళ్లు దాక్కున్న అడ్డా బయటపడిందని అర్థం. ఉన్న ఇల్లు వదిలి వంతెన వైపు పరిగెత్తమని మనమే నేర్పాం."

"సైటును తన సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేస్తే?"

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఫోన్ చేశారట. ఖాతా మీ పేరున లేదని వాళ్లన్నారట. ఎవరి పేరున ఉందో చెప్పడం తమ రూల్స్‌కు విరుద్ధమని కూడా అన్నారట. దేశ రహస్యాలన్నీ కాపాడే సర్వీసుకు సొంత దుకాణం తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియలేదన్నమాట.

"అవతల ఉన్న మన ఏజెంట్ మధ్యాహ్నం పన్నెండుకు ఆ పేజీ చూస్తారు. ఒక్కసారే. మూసిన గొడుగు కనిపిస్తే నేరుగా ముఠా చేతిలో పడతారు."

"ఎవరు సార్ అక్కడ?"

పెద్దాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "మీ చెల్లెలు," అన్నాడు. "అందుకే నిన్ను పంపకూడదనుకున్నాను."

ఉడుత నడక ఆగింది. చెల్లెలు కూడా ఈ సర్వీసులోనే ఉందని అతనికి తెలుసు. ఎక్కడుందో మాత్రం తెలియదు, అడగకూడదు కూడా. చిన్నప్పుడు చీకటి పడితే పెరట్లోకి వెళ్లడానికి అన్నయ్య చెయ్యి పట్టుకునే పిల్ల. భయమంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది.

"నేనే వెళ్తాను సార్."

సైటును లోపలి నుంచి మార్చే అడ్మిన్ పేజీ ఒక్కచోటే తెరిచి ఉంది. అది థీములూ ప్లగిన్లూ అమ్మే ఒక డిజైన్ స్టూడియో. ముఠాకు అదే ముసుగు. పెద్దాయన చివరగా ఒక హెచ్చరిక చేశాడు. "అక్కడ నెమలి ఉంది. పాత కోడ్‌తో పలకరిస్తుంది. నువ్వు పలకకు. ఆమె అటు తిరిగిపోయింది."

నెమలి ఒకప్పుడు ఉడుతకు పార్ట్‌నర్. ముఠాలోకి సర్వీసే పంపిన మనిషి. పంపిన కొన్నాళ్లకు ఆమె మీదే అనుమానం వచ్చి ఆమె ఫోన్ నంబర్ బ్లాక్ చేశారు.

స్టూడియో గ్లాస్ తలుపు తోసుకుని ఏసీ మెకానిక్ ఒకడు లోపలికొచ్చాడు. అతికించిన మీసం, నూనె మరకల యూనిఫాం, భుజాన టూల్ బ్యాగ్, చేతిలో గ్యాస్ సిలిండర్. సిలిండర్‌లో ఉన్నది ఏసీ గ్యాస్ కాదు. ఒక గది నిండా మనుషుల్ని నిద్రపుచ్చే సరుకు. బ్యాగ్‌లో దానికి తోడు మాస్క్ ఒకటుంది. రెండోది అడిగితే స్టోర్స్ వాళ్లు అప్రూవల్ కావాలన్నారు.

రిసెప్షన్‌లో నెమలి కూర్చుని ఉంది. నీలిరంగు పట్టు జాకెట్, మెడలో ఒంటిపేట ముత్యాలు, ఎవరినైనా రెండోసారి తిరిగి చూసేలా చేసే ఆ నవ్వు. ఆమె మీసం వైపు ఒక్క క్షణం చూసింది.

"మా ఇంట్లో ఊచ విరిగిన గొడుగు ఒకటుంది. బాగుచేస్తారా?"

గుడ్డ బాగుంటే చేస్తాం. అది చెప్పాల్సిన జవాబు. నాలుక చివరిదాకా వచ్చింది.

"నేను ఏసీ పనే చేస్తానండి, మేడం."

ఆమె నవ్వు చెదరలేదు. చల్లగా లేనిది చివరి గది అని మాత్రం చెప్పింది. ఉడుత ఆ వైపు నడుస్తుంటే ఆమె చూపు వీపుకు గుచ్చుకుంటూనే ఉంది.

చివరి గదిలో బల్ల మీద కంప్యూటర్. గొడుగుల దుకాణం అడ్మిన్ పేజీ తెరిచే ఉంది. గోడ గడియారంలో పన్నెండుకు ఇంకా కాస్త టైమ్ ఉంది. ఉడుత కుర్చీ అంచున కూర్చుని ప్లగిన్ల జాబితా తెరిచాడు. చనిపోయిన మనిషికి ఏదీ పారేసే అలవాటు లేదని అర్థమైంది. ఆర్డర్ ఫారం, బొమ్మలు తిప్పే స్లయిడర్, బ్యాకప్, సెక్యూరిటీ, ఒకే పని చేసేవి రెండేసి, ఏ పని చేస్తాయో తెలియనివి కొన్ని. ఇందులో శత్రువెవరు? అన్నీ పెద్దమనుషుల్లాగే ఉన్నాయి.

ఒక్కొక్కటీ పరీక్షించే ఓపిక అతనికి పుట్టుకతోనే లేదు. బల్ల కింద కాలు ఆడుతూనే ఉంది. అన్నిటికీ టిక్ పెట్టి డీయాక్టివేట్ నొక్కాడు. ఆపేసిన దాన్ని మళ్లీ లేపడం ఎంతసేపు అనిపించి, అన్నీ కలిపి డిలీట్ చేసేశాడు. తర్వాత థీముల పేజీకి వెళ్లి తెరిచిన గొడుగును యాక్టివేట్ చేశాడు.

సైటు తెరిచి చూశాడు. ఎర్రటి గొడుగు పేజీ నిండా విచ్చుకుని ఉంది. కుర్చీలో కూర్చున్నాక మొదటిసారి అతని కాలు ఆగింది.

"ఏం చూసి అంత సంతోషం?"

నెమలి గుమ్మంలో నిలబడి ఉంది. ఉడుత చేతిలోకి పిస్టల్ వచ్చేసింది. ఆమె దాన్ని పట్టించుకోకుండా తలుపు మూసి, తన ఫోన్ అతని ముందు పెట్టింది. అదే సైటు. అందులో గొడుగు మూసే ఉంది.

"నువ్వు లాగిన్ అయి ఉన్నావు. నువ్వు మార్చింది నీకొక్కడికే కనిపిస్తోంది. నమ్మకపోతే ప్రైవేట్ విండోలో చూసుకో."

చూశాడు. అక్కడా మూసిన గొడుగే.

హోస్టింగ్ కంపెనీ సర్వర్ పేజీని ఒకసారి ఫొటో తీసినట్టు తీసి దాచుకుంటుంది. బయటి నుంచి వచ్చినవాళ్లకు ఆ పాత ఫొటోనే చూపిస్తుంది. దాన్నే క్యాష్ అంటారు. దాన్ని ఊడ్చేసే బటన్ హోస్టింగ్ వాళ్లిచ్చిన ప్లగిన్‌లో ఉంటుంది. శత్రువును తరిమే తొందరలో ఉడుత ఆ చీపురును కూడా బయట పారేశాడు.

"హోస్టింగ్ కంపెనీ కంట్రోల్ ప్యానెల్‌లో ఇంకో బటన్ ఉంటుంది," అన్నాడు ఉడుత. "ఆ ఖాతా ఎవరిదో ఎవరికీ తెలియదు."

"నాది."

ఉడుత ఆమె ముఖంలోకి చూశాడు.

"సైటు పెట్టిన రోజు పెద్దాయనకు ఈమెయిల్ లేదు. నాది ఇచ్చాను. ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. నా నంబర్ బ్లాక్ చేశారు, నా పేరు కొట్టేశారు, ఇది మాత్రం మర్చిపోయారు. పొద్దుట్నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఏ గొడుగు ఉండాలో నాకెప్పుడూ చెప్పలేదుగా, నేనేం మార్చను?"

ఉడుత పిస్టల్ దించాడు. ఆమె అటు తిరిగిపోయి ఉంటే ముఠాకు ఈ ప్లగిన్‌తో పనేముంది, ఆ కాఫీతో పనేముంది? తాళంచెవి ఇన్నాళ్లూ ఆమె దగ్గరే ఉంది. ఆమె ఒక్కసారి కూడా తలుపు తీయలేదు. అతనికి సిగ్గేసింది.

"నొక్కు," అన్నాడు. "అక్కడున్నది మా చెల్లెలు."

"నన్ను నమ్మి అడుగుతున్నావా, వేరే దారి లేక అడుగుతున్నావా?"

"రెండూ." అని, మళ్లీ అన్నాడు. "గుడ్డ బాగుంటే చేస్తాం."

ఆమె కుర్చీలో కూర్చుంది. ప్యానెల్ లాగిన్ పేజీ తెరుచుకుంటుండగా బయట కారిడార్‌లో బూట్ల చప్పుడు వినిపించింది. తలుపు తోసుకుని వచ్చినవాడు స్టూడియో డైరెక్టర్, ముఠా నాయకుడు. బూడిదరంగు కోటు, ఒక చేతిలో సైలెన్సర్ బిగించిన గన్. గన్ నెమలి వీపు వైపు తిరిగింది.

ఉడుత కాలితో సిలిండర్ వాల్వ్ తన్నాడు. బుస్సుమంటూ పొగ లేచింది. బ్యాగ్‌లోని మాస్క్ తీసి ఆమె ముఖానికి తొడిగాడు. కోటు మనిషి పేల్చిన గుండు సీలింగ్‌లో దిగింది. తర్వాత అతను గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. ఉడుత మోకాళ్ల మీద కూలుతూ స్క్రీన్‌నే చూస్తున్నాడు. గడియారంలో రెండు ముళ్లూ కలవబోతున్నాయి. పాస్‌వర్డ్. ఎంటర్. క్యాష్ ఖాళీ చేయాలా? అవును. చిన్న చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది, ఆగింది.

ప్యానెల్ మూలలో ఒక అంకె మారింది. ఈ క్షణంలో సైటు చూస్తున్నవారు: ఒకరు. కాసేపటికి అది మళ్లీ సున్నా అయింది. చెల్లెలు చూసిందా, చూస్తే ఏ గొడుగు చూసింది, అని అడగబోయేలోపే అతని కళ్లు మూతపడ్డాయి.

మెలకువ వచ్చేసరికి గొడుగుల దుకాణం వెనక గదిలో ఉన్నాడు. పెద్దాయన కుర్చీ పక్కనే వేసుకుని కూర్చున్నాడు. వంతెన దగ్గర ముఠా మనుషులు ఎండలో నిలబడి నిలబడి చీకటి పడుతుంటే వెళ్లిపోయారట. వంతెన మీదికి ఎవరూ రాలేదట. చెల్లెలు ఉన్నచోటే ఉందని, వేరే దారిలో తీసుకొస్తున్నామని చెప్పాడు. ఉడుత గోడ వైపు తిరిగి పడుకుని కాసేపు ఏడ్చాడు. పెద్దాయన చూడనట్టు ఊరుకున్నాడు.

నెమలి కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆమె నంబర్ అన్‌బ్లాక్ చేయడం ఎలాగో తెలియక పెద్దాయన తన ఫోన్ ఆమె చేతికే ఇచ్చేశాడు.

తర్వాత ఆయన గొంతు సవరించుకున్నాడు. దుకాణం కస్టమర్ ఒకాయన మధ్యాహ్నం నుంచీ ఆర్డర్ ఫారం పనిచేయడం లేదని గొడవ పెడుతున్నాడట. ఎవరో ప్లగిన్లన్నీ డిలీట్ చేశారట. కొత్త మనిషి దొరికేదాకా సైటు బాధ్యత ఉడుతదే అని ఆర్డర్ వేశాడు. గోడలెక్కిన మనిషి నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాడు.

ఒక్కొక్క ప్లగిన్‌నే పరీక్షించుకుంటూ హోస్టింగ్ వాళ్ల దగ్గరున్న బ్యాకప్ నుంచి ఆర్డర్ ఫారం తిరిగి పెట్టాడు. పెట్టీ పెట్టగానే దాని పక్కన ఎర్రటి చుక్క వెలిగింది. కొత్త అప్‌డేట్ అందుబాటులో ఉంది.

ఉడుత వేలు గాల్లోనే ఆగిపోయింది. నెమలి వైపు తిరిగి నొక్కనా వద్దా అని అడిగాడు.

"అలాంటివి ద్రోహుల్ని అడక్కూడదు," అంది నెమలి, పెద్దాయన ఫోన్‌లో పాస్‌వర్డ్ మారుస్తూ.