సరిహద్దు రాయి దగ్గర మంచుగోడ

మా కార్పాతియన్ కనుమ మీద సరిహద్దు రాయి ఉన్న చోటు మంచిది కాదు. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు.

చాలా ఏళ్ళ కిందట, దిగువ జిల్లాలో రోడ్డు మీది మంచు తోసే మంచుబండి నడిపే తోడెర్ అక్కడే లోయలో పడి చచ్చిపోయాడు. అప్పట్నించీ మంచుగాలి లేచిన రాత్రుల్లో రాయి అవతలి నుంచి బండి ముందరి ఇనుప పలక రోడ్డును గీకే చప్పుడు... ఒక పసుపు దీపం... నేను చూడలేదు. విన్నది చెబుతున్నాను.

రాయికి ఇవతల మా ఎగువ జిల్లా. రోడ్డు తుడిచిన పళ్ళెంలా ఉంటుంది. అవతల దిగువ జిల్లా. అక్కడ పడ్డ మంచుని ఎండాకాలం వచ్చి తియ్యాల్సిందే అని మావాళ్ళ ఎకసెక్కెం. మావాళ్ళకి పొగరు కాస్త ఎక్కువే లెండి.

మా మంచుబండి నడిపే గవ్రిలకి మరీను. రాయి దగ్గరకి రాగానే పలక పైకెత్తి వెనక్కి తిరగాలి, అదీ నియమం. ఇతను ఎత్తేవాడు కాదు. రాత్రిపూట తోసుకొచ్చిన మంచంతా రాయి దాటించి, అవతలి రోడ్డు మీద కుమ్మరించి మరీ తిరిగేవాడు.

"ఊరికే తిని కూర్చుంటున్నారుగా, కాస్త పని చెబుదాం," అనేవాడు. అలా పోసి పోసి అక్కడ మనిషెత్తు గోడ లేచింది.

అతని కూతురు సవేతని ఇచ్చింది ఆ గోడ అవతలి ఊరికే. నెలలు నిండాయి. ఓ మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయని అల్లుడు నెకులాయ్ ఫోను చేశాడు. ఆసుపత్రేమో మా వైపు ఉంది.

"మీరు కదలకండి. గోడ బద్దలు కొట్టి నేనే వస్తా," అన్నాడు గవ్రిల.

కనుమ ఎక్కేసరికి చీకటి పడిపోయింది. రాయి దగ్గర పలక దించబోయి ఆగిపోయాడు.

గర్ర్... గర్ర్...

అవతల ఏదో రోడ్డును గీకుతోంది. గోడ పైనుంచి పసుపు వెలుగు — తిరుగుతోంది, ఆగుతోంది, మళ్ళీ తిరుగుతోంది. దిగువ జిల్లావాళ్ళు చీకట్లో బండి తియ్యరు. ఎన్నడూ తీసిన పాపాన పోలేదు.

తోడెర్ దెయ్యమే అనుకున్నాడు గవ్రిల. శిలువ గుర్తు వేసుకున్నాడు. చప్పుడు దగ్గరకొచ్చింది... ఇంకా దగ్గరకొచ్చింది... నా కూతురి దారికే అడ్డమొస్తావా అని భయం కాస్తా కోపమైంది. పలక దించి, బండికున్న బలమంతా పెట్టి తోశాడు.

గోడ కదిలింది. అవతలికి కూలింది. వెలుగు ఆరిపోయింది.

"చావు," అన్నాడు గవ్రిల.

అప్పుడు ఫోను మోగింది.

"మామయ్యా, ఎక్కడున్నారు?" నెకులాయ్ అడిగాడు. "ఆగలేకపోయాం. ఇక్కడి మంచుబండి ఆవిణ్ణి బతిమాలి, ఆ బండి వెనకే కారులో వచ్చాం. రాయి దగ్గర గోడ మా మీద కూలింది... కదల్లేకపోతున్నాం... సవేత—"

గవ్రిల పార పట్టుకుని దూకాడు. పిచ్చిపట్టినట్టు తవ్వాడు. ఎంతసేపటికో అవతలి నుంచి ఇంకో పార తగిలి, చిన్న కంత పడింది. అందులో ఒక ఆడమనిషి ముఖం. దిగువ జిల్లా మంచుబండి నడిపే పరస్కివ.

ఆమె అతన్ని చూసింది. వెనకనున్న బండిని, పలకకి అంటిన తడిమంచుని చూసింది.

"రాత్రికి రాత్రి ఇక్కడ గోడ లేపే దెయ్యం ఉందని మా ఊళ్ళో చెప్పుకుంటాం," అంది మెల్లగా. "నువ్వా?"

"నా కూతురమ్మా... అవతలికి రానియ్యి."

"ఈ కంతలో పిల్లి కూడా పట్టదు. తవ్వు."

తవ్వుతూ ఉండగానే చీకట్లోంచి చంటిపిల్ల ఏడుపు వినిపించింది. గవ్రిల చేతుల్లో పార ఆగిపోయింది.

"సవేతా..." అన్నాడు.

పరస్కివ వెనక్కి వెళ్ళింది. కారు తలుపు తీసిన చప్పుడు, గుసగుసలు. తిరిగొచ్చి కంతకి నోరు ఆనించింది.

"ఇద్దరూ బతికే ఉన్నారు. ఈ మంచు ఎవరు పోశారని అడుగుతోంది నీ కూతురు. నీ పేరు చెప్పనా, దెయ్యం పేరు చెప్పనా?"