లింగమ్మ నడక పరీక్ష

పొద్దున్నే నల్లా నీళ్ల బిందెతో రెండో అంతస్తుకు ఎక్కుతూ లింగమ్మ మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. యూనిఫాం వేసుకుంటున్న కొడుకు గోవర్ధన్ పైనుంచి తొంగిచూసి, "అమ్మ బండి మళ్లా ఆగింది!" అని నవ్వాడు. సాతంరాయిలో ఆ ఇంటికి కిరాయికి వచ్చిన నాటినుంచీ రోజూ వేసే జోకే. అతని భార్య మనీషా మాత్రం నవ్వలేదు.

గోవర్ధన్‌ది ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి విమానం దాకా తోస్తాడు. కంపెనీవాళ్లు ఇంట్లో ఒకరికి గుండె పరీక్ష ఉచితమంటే తండ్రి మొగులయ్య పేరు రాయించాడు.

"ఇయ్యాల మామ కాదు, అత్తమ్మ పోతది," అంది మనీషా.

"ఆడోళ్లకు గుండెజబ్బేంది? అమ్మది గ్యాస్. గోలీ ఏస్కుంటే పోతది."

"మామ పొద్దుందాక మేకలెంట తిరుగుతడు. ఈమె పది మెట్లెక్కలేదు. నీకు కండ్లు లేవా?"

మనీషా నోటికి జడిసి పేరు మార్పించాడు.

అత్తాపూర్ దవాఖానలో డాక్టరమ్మ, "నడిస్తే ఏమవుతుందమ్మా?" అని అడిగింది.

"గ్యాస్ మేడం," అన్నాడు గోవర్ధన్.

"నేనడిగింది ఆమెను."

లింగమ్మ బెదురుగా కొడుకు వంక చూసింది. "దవడ గుంజుతది. ఈపుల బరువైతది. ఊకె కూసుంటే పిల్లగాడు నవ్వుతడని చెప్పులు సర్దుకున్నట్టు చేస్త."

గోవర్ధన్‌కు తల కొట్టేసినట్టయింది.

నడక పరీక్షకు కదిలే పట్టా మీద ఆమె కొంగు బొడ్లో దోపుకుని, కమ్మీ పట్టుకుని నడిచింది. మూడో నిమిషానికే పెదవులు పాలిపోయాయి. డాక్టరమ్మ మిషన్ ఆపించింది.

"ఆడవాళ్లకు ఈసీజీ కాగితం మీది గీతలొక్కటే చూసి తేల్చలేం. ఎంతసేపు నడవగలిగారన్నదీ ముఖ్యమే. ఈ నొప్పి గుండెదే అనిపిస్తోంది. ఇవాళే మందులు మొదలుపెట్టి, రేపు గుండె రక్తనాళాలు చూద్దాం. సమయానికే తెచ్చారు బాబూ."

తెచ్చింది తనే అయినా పంపింది మనీషా.

వరండాలో చక్రాల కుర్చీ కనిపిస్తే తెచ్చి, వంగి, కాళ్లు ఆనించే రేకు దించాడు. "కూసో అమ్మా."

"గిది పెద్దోళ్లకు బిడ్డా. నేను నడుస్త."

ఎవరెవరి తల్లులనో "మీరు నడవకండమ్మా, నేనున్న కదా" అని రోజూ బతిమాలే మనిషి. కన్నతల్లికి ఆ మాట ఒక్కనాడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పబోతూ ఆమె పాదాల దగ్గరే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

లింగమ్మ కంగారుగా అతని తల నిమిరింది. "ఊకో బిడ్డా, గింతకే పరేషానైతవా? ఇగో, కూసుంటున్న. జర మెల్లగ తొయ్యి."