నాలుగింటి వెచ్చదనం

తేరుకునే ఇంట్లో ఉదయం ఏడింటికి పద్దెనిమిది మంది వరసగా నోళ్లు తెరిచారు. నర్సు సువార్త ఒక్కొక్కరి నాలుక కింద ఒక పలుచని మందురేకు పెట్టి, అందరివీ కరిగేదాకా ఎదురుగా నిలబడింది. రేకు కరిగేలోపు మాట్లాడకూడదు. రోజు మొత్తంలో ఆ వార్డు నిశ్శబ్దంగా ఉండేది ఆ కాసేపే.

అది 2074. ఉద్దానం తీరంలో, జీడితోటల మధ్య, సముద్రం వినబడేంత దూరంలో ఉన్న ఆ భవనానికి ప్రభుత్వం పెట్టిన పేరు చాలా పొడుగు. దాన్ని ఎవరూ వాడరు, తేరుకునే ఇల్లనే అంటారు. నొప్పి మాత్రలకు బానిసై, మోతాదు మించి, ఊపిరి ఆగి, ముక్కులో కొట్టిన విరుగుడు మందుతో మళ్లీ ఊపిరి పోసుకున్నవాళ్లు అక్కడ ఉంటారు. ఊపిరి తిరిగి రావడానికి రెండు మూడు నిమిషాలు చాలు. మనిషి తేరుకోవడానికే నెలలు పడుతుంది.

అక్కడ ప్రతి రోగి మణికట్టుకూ ఒక బూడిదరంగు పట్టీ ఉంటుంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ తాహిరా దానికి ఎరుకపట్టీ అని పేరు పెట్టింది. పట్టీలు జంటగా వస్తాయి. రోగికి కట్టేది గ్రహించే పట్టీ. లోపల సన్నని సెన్సర్ పొర ఉంటుంది. చెమటలోని లవణాలనూ, నాడి లయనూ, చర్మం కింద నరాల విద్యుత్తునూ చదివి, మనిషిలోని తపనను సున్నా నుంచి నూరు దాకా ఒక అంకెగా మారుస్తుంది. నర్సుకు కట్టేది అందుకునే పట్టీ, అంటే రిసీవర్. అంకె నలభై దాటితే అది వెచ్చబడుతుంది. మోగదు, మాట్లాడదు. చెయ్యి పట్టుకున్నంత వెచ్చగా అవుతుంది, అంతే. రెండూ ఒంటివేడితోనే నడుస్తాయి కాబట్టి విప్పనక్కర్లేదు.

తాహిరా తయారు చేసిన మొదటి పట్టీ ఇలా ఉండేది కాదు. తపన పెరగగానే తనే మందు వదిలేది. రోగులు మాత్రను మాని పట్టీని పట్టుకున్నారు. అప్పుడామె రెండేళ్లు పరికరాలన్నీ పక్కన పెట్టి రోగులను చూస్తూ కూర్చుంది. తపన అలలాంటిదని, లేచి విరగడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుందని, ఆ సమయంలో పక్కన మరో మనిషి ఊరికే కూర్చుంటే చాలామంది ఆ అల దాటుతారని ఆమెకు తెలిసింది. అందుకే మందుకు బదులు మనిషిని పిలిచే యంత్రం చేసింది.

సువార్త పట్టీకి జత కూర్మారావుది. ఇద్దరూ యాభైకి దగ్గరపడ్డవాళ్లే. అతను సముద్రం అడుగున గాలిమరల స్తంభాలకు వెల్డింగ్ చేసేవాడు. నడుం విరిగింది. నొప్పికి రాసిచ్చిన మాత్రలు, నొప్పి తగ్గాక కూడా ఆగలేదు. ఒక పొద్దున చేపలు ఎండబెట్టే షెడ్డులో నీలి పెదవులతో పడి ఉంటే అతని భార్య చూసింది.

మొదటిరోజు సువార్త అతనికి ఒకే మాట చెప్పింది.

"నా చెయ్యి వెచ్చబడితే నేనొచ్చి కూర్చుంటాను. ఎందుకని అడగను. నువ్వూ చెప్పక్కర్లేదు."

ఆమె ఎప్పుడూ ఖాళీ చేతులతో వచ్చేది కాదు. చేటనిండా జీడిపప్పు తెచ్చేది, పొట్టు తియ్యడానికి. ఆ ప్రాంతంలో ఆ పని చెయ్యని చెయ్యి లేదు. చేతులకు ఆముదం రాసుకుని, గోరుతో పొట్టు ఒలుస్తూ, ఇద్దరూ వరండాలో కూర్చునేవారు. మనిషి కళ్లలోకి చూడకుండా మనిషితో ఉండడానికి అంతకంటే మంచి పద్ధతి ఆమెకు తెలియదు.

కూర్మారావు కోలుకుంటున్నాడు. తింటున్నాడు. నిద్రపోతున్నాడు. అయినా ఇంటికి వెళ్లలేకపోతున్నాడు. నియమం ప్రకారం నలభై రోజుల పాటు అంకె నలభై దాటకూడదు. అతని అంకె రోజూ సాయంత్రం నాలుగింటికి దాటేది. ఒకసారి గడువు తప్పింది. రెండోసారీ తప్పింది. మూడోసారి తప్పితే, దూరాన ఉన్న, బయటికి వదలని మూసిన కేంద్రానికి ఏడాదిపాటు పంపిస్తారు. అక్కడ భార్యను చూడనివ్వడం మూడు నెలలకొకసారి.

అలా పంపించమని కాగితం రాయాల్సింది తాహిరా. రాయకముందు ఒకసారి చూద్దామని వచ్చింది.

"నాకు నచ్చనిది ఒకటుంది సువార్తగారూ," అంది, ఆఫీసు గదిలో రికార్డు ముందు కూర్చుని. "తపన గడియారం చూసుకుని రాదు. ఇతనికి నాలుగింటికే ఎందుకొస్తుంది? నాలుగింటికి ఇక్కడేం జరుగుతుంది?"

"ఏమీ జరగదు మేడమ్. చూడ్డానికి వచ్చేవాళ్ల వేళ. అందరి దగ్గరా వాళ్లవాళ్లుంటారు. ఆ గంట మాకు ఏ పనీ ఉండదు."

"మరి మీ చెయ్యి వెచ్చబడుతోందా?"

"రోజూ. నేను చేట అందుకునేసరికి అతనే వరండాలోకి వచ్చేసి ఉంటాడు."

తాహిరా గోడలోని యంత్రాన్ని అడిగింది. "ఎరుకా, కూర్మారావు పట్టీ నిన్న ఎన్ని అడుగులు నడిచింది?"

"పధ్నాలుగు వేల రెండు వందల పది," అంది యంత్రం.

"మెట్లు?"

"పంతొమ్మిదిసార్లు ఎక్కింది."

తాహిరా కిటికీలోంచి చూసింది. వరండాలో కూర్మారావు నడుం బెల్టు బిగించుకుని, బల్ల మీంచి లేవడానికి గోడ పట్టుకుంటున్నాడు. ఆమె మెల్లగా సువార్త వైపు తిరిగింది.

"ఏదీ, మీ పట్టీ ఒకసారి విప్పండి."

పట్టీ లోపలివైపు చిన్న చుక్క ఉబ్బి ఉంది. గ్రహించే పట్టీ గుర్తు అది.

సువార్తకు అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. మొదటిరోజు, చేతులకు ఆముదం రాసుకునే ముందు, నూనె పట్టీ కిందికి పోతుందని ఇద్దరూ విప్పి ఒకే స్టీలు గిన్నెలో వేశారు. లేచేటప్పుడు చేతికి అందినవి కట్టుకున్నారు. మరునాటి నుంచి విప్పే బాధ లేకుండా పట్టీల మీద గుడ్డ చుట్టుకున్నారు.

"అంటే ఆ నాలుగింటి అంకె..." సువార్త ఆగిపోయింది.

"మీది," అంది తాహిరా.

"మరి నా చెయ్యి? నిజంగా వెచ్చబడేది మేడమ్. ఒట్టు."

"వెచ్చబడటం ఆ పట్టీకి చేతకాదు సువార్తగారూ. పన్నెండేళ్లుగా ఈ ఉద్యోగంలో ఎవరో పిలుస్తారని ఎదురుచూసిన చెయ్యి. పిలవకపోతే తనే పిలుచుకుంది."

సువార్త తన మణికట్టును పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంది. ఖాళీగా ఉన్న గంటలో తనలో ఏదో లేచి తిరగడం ఆమెకు తెలుసు. దాన్ని బాధ్యత అనుకుంది, ఇన్నేళ్లూ. దానికి ఒక అంకె ఉంటుందనీ, ఆ అంకె మాత్రల కోసం తపించేవాళ్ల పక్కనే నిలబడుతుందనీ అనుకోలేదు. తర్వాత మరో ఆలోచన వచ్చింది.

"అయితే ఇన్నాళ్లూ ఆయనకి తపన వస్తే నాకు తెలిసే దారే లేదు."

"లేదు," అంది తాహిరా. ఆమె గొంతులో కోపం దాగలేదు. "రాత్రి ఊపిరి కాచే యంత్రం మంచానికే ఉంది కాబట్టి బతికిపోయాం. పిలవండి అతన్ని."

కూర్మారావు వచ్చి, విప్పి ఉన్న పట్టీని చూసి, అడగకుండానే తన పట్టీ కూడా విప్పి బల్ల మీద పెట్టాడు.

"దొరికీసినామా?" అన్నాడు.

"నీకు తెలుసా?"

"వారం తిరక్కుండానే తెలిసింది సిస్టరమ్మా. నాలుగయీసరికి నా సెయ్యి ఎచ్చబడుద్ది. ఇదేటి, ఎచ్చబడాల్సింది మీ సెయ్యి కదా అనుకున్నాను. అటు సూస్తే మీరు చేట పట్టుకుని స్తంభం కాడ నిలబడున్నారు, బస్సు తప్పిపోయినోళ్లలాగ. వచ్చి కూకున్నాను."

"ఎందుకు చెప్పలేదు?" తాహిరా దాదాపు అరిచింది. "నిన్ను ఏడాది పంపించేద్దును!"

"ఎందుకని అడగననీసి సిస్టరమ్మ చెప్పినారు కదమ్మా. నానూ అడగలేదు." తల గోక్కున్నాడు. "రేపు చెప్పేద్దాం, ఎల్లుండి చెప్పేద్దామనుకుంటానే ఉన్నాను. చెప్పీస్తే ఈవిడికి నాలుగింటికి ఎవులొస్తారు?"

"మరి నీ తపన? రాలేదా?"

"రాకేటి! రెండు మూడు దినాలు పళ్లు బిగబట్టీసినాను. అప్పుడు కూడా జీడిపప్పే. నాను ఒలిచిన పప్పుతోటి ఊరందరికీ పాకం పట్టీయొచ్చు."

సువార్తకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నీకేమైనా అయ్యుంటే నేనేమైపోదును కూర్మారావూ!"

"ఏటీ అవలేదు కదా. ఊరుకోండి."

తాహిరా కాగితం పక్కన పెట్టింది. పట్టీలు సరిగా కట్టించింది. లెక్క మొదటి నుంచి మొదలవుతుందనీ, మూడు రోజులు తను అక్కడే ఉండి చూస్తాననీ చెప్పింది.

మర్నాడు పొద్దున కూర్మారావు అంకె పన్నెండు. మధ్యాహ్నం పదిహేను. తాహిరా తేలిగ్గా ఊపిరి తీసుకుంది. నాలుగింటికి ఆమె చూస్తుండగానే అంకె ముప్పై, నలభై, యాభై రెండు అయింది.

తాహిరా అతన్ని ఆఫీసుకి పిలిపించింది. కూర్మారావు కుడి మణికట్టును ఎడం చేత్తో రుద్దుకుంటూ వచ్చాడు.

"మాత్ర కోసం కాదు డాక్టరమ్మా," అన్నాడు. "మీరు నమ్మరు. సెయ్యి ఎచ్చబడలేదు. అదే. నాలుగయింది, ఎచ్చబడలేదు."

నమ్మకపోవడం తాహిరా వృత్తిలో భాగం. రోగులు ఎన్నో చెబుతారు. కానీ సువార్త అప్పటికే చేట తీసుకుని లేచింది.

"రావయ్యా. ఇవాళ నాకేం బాగాలేదు, కాసేపు కూర్చుందువుగాని," అంది.

ఆ మాట అనడం ఆమెకు సులువు కాలేదు. పన్నెండేళ్లలో తనకు బాగాలేదని ఏ రోగితోనూ అనలేదు. ఇద్దరూ వరండాలోకి వెళ్లారు. తాహిరా అంకెను చూస్తూ కూర్చుంది. నలభై నాలుగు. ముప్పై ఒకటి. పద్దెనిమిది. మూడు నిమిషాలు. మాత్ర మీద తపన ఇంత తొందరగా విరగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఎరుకా," అంది, "ఇప్పుడు వచ్చింది మాత్ర మీద తపనా, మరొకటా?"

"తేడా చెప్పలేను," అంది యంత్రం. "రెండింటికీ చెమట ఒకటే."

ఆ వాక్యాన్ని తాహిరా తన పరిశోధన పుస్తకంలో రాసుకుని, కింద గీత గీసింది. అంకె ఎక్కడం ఒక్కటే చూస్తే చాలదు, అది ఎలా దిగుతుందో కూడా చూడాలని ఆ రోజే నియమం మార్చమని రాసింది. మూసిన కేంద్రం కాగితాన్ని చించేసింది.

కూర్మారావు నలభై రోజులూ సరైన పట్టీతో మళ్లీ ఉన్నాడు. రెండుసార్లు నిజమైన తపన వచ్చింది. ఇరవై నిమిషాలేసి పట్టింది. రెండుసార్లూ సువార్త చెయ్యి నిజంగానే వెచ్చబడింది. ఆ వెచ్చదనం తను ఊహించుకున్న దానికంటే తక్కువగా ఉందని ఆమె గమనించి, ఎవరికీ చెప్పలేదు. తర్వాత అతను ఇంటికి వెళ్లాడు, రోజూ నాలుక కింద పెట్టుకునే రేకులతో, ముక్కులో కొట్టే విరుగుడు సీసాతో. సీసా ఎలా వాడాలో అతని భార్య రెండుసార్లు చేసి చూపించాకే సువార్త సంతకం పెట్టింది.

వారానికి మూడు రోజులు అతను తిరిగి వచ్చేవాడు, రోగిగా కాదు. కొత్తగా వచ్చినవాళ్ల పక్కన కూర్చునేవాళ్లు కావాలి. అందుకునే పట్టీ అతనికి బాగా అమరింది. సువార్త ఇప్పుడు నాలుగింటికి చెప్పేసేది, "నాకు నాలుగైంది" అని. వార్డులో అందరికీ ఆ మాట అర్థం తెలుసు.

వర్షాలు మొదలయ్యాక తాహిరా కొత్తరకం పట్టీలు పట్టుకుని వచ్చింది. సాయంత్రం వరండాలో కూర్మారావు, సువార్త పొట్టు తీస్తుంటే ఎదురుగా నిలబడి వివరించింది. ఇక పొరపాటు జరగదట. గ్రహించేది నీలం, అందుకునేది తెలుపు. పనిచేస్తున్నాయో లేదో చూద్దామని తెల్లది కూర్మారావుకు ఇచ్చి, నీలంది తన చేతికి కట్టుకుంది.

"ఆరోగ్యవంతుల అంకె ఎలా ఉంటుందో కూడా నమోదవుతుంది," అంది. "నేనెలాగూ ఊరికే నిలబడ్డాను."

"హోటల్లోనే ఉంటున్నారా మేడమ్?" అని అడిగింది సువార్త.

"అలవాటే. ఒక్కో వారం ఒక్కో ఊరు," అంది తాహిరా. వాన చినుకులు చూస్తూ ఇంకేదో చెప్పబోయి, మళ్లీ పట్టీ రంగుల గురించే మొదలుపెట్టింది.

కూర్మారావు చెయ్యి ఆగింది. తన మణికట్టు వైపు ఒకసారి చూసుకున్నాడు. పక్కనున్న ముక్కాలిపీటను కాలితో ఆమె వైపు జరిపి, ఆముదం గిన్నె దాని దగ్గర పెట్టాడు.

"కూకోండి డాక్టరమ్మా," అన్నాడు. "ఈ చేట ఇయ్యాల మా ఇద్దరికీ అయ్యేలా లేదు."