మూడో రియాక్టర్‌లో తెల్ల గింజలు

"మేడమ్... ఇక్కడ గింజలు తెల్లగా ఉన్నాయి!"

రేడియోలో సెవెర్ గొంతు. ముసుగు లోంచి బొంగురుగా వస్తోంది.

ఇంజినీరు వెతూరియా ఆగిపోతుంది.

ఫిబ్రవరి ఎండ. మధ్యాహ్నం మూడు. ప్లోయెష్ట్ ఊరి చివర చమురు రిఫైనరీ. మూడో రియాక్టర్ కింద నిలబడి ఉంది ఆమె. దాని నోరు పైన, ముప్ఫై మీటర్ల ఎత్తున. ఆ నోట్లోంచి తాడు పట్టుకుని లోపలికి దిగాడు సెవెర్. పాత కేటలిస్ట్ గింజలు తోడెయ్యడం అతని పని.

"మళ్ళీ చెప్పు సెవెర్."

"తెల్లగా మేడమ్! పైన అర మీటరు బొగ్గులా నల్లగా ఉంది. దాని కింద... మా అమ్మ వండే తెల్ల చిక్కుడు గింజల్లా ఉన్నాయి!"



రెండేళ్లు పనిచేసిన కేటలిస్ట్‌కి మసి పట్టాలి. నల్లబడాలి. తెల్లగా ఉందంటే అది పని చెయ్యలేదు. అందులో ప్లాటినం లేదు.

ఎప్పుడూ లేదు!

నాఫ్తా నుంచి బెంజీన్, జైలీన్ ఎక్కువగా రాబట్టే పద్ధతి ఆమెది. పదకొండేళ్ల కష్టం. కొత్త కేటలిస్ట్ నింపాక దిగుబడి పెరగలేదు సరికదా, పడిపోయింది. వెతూరియా గారి వంట మాడిందని క్యాంటీన్‌లో నవ్వారు. ఆమెను తీసుకెళ్లి పాత ఫైళ్ల గదిలో కూర్చోబెట్టారు. ఇవాళ ఈ తోడే పని చూడ్డానికి మాత్రం పిలిచారు.

వంట మాడలేదు. సరుకే దొంగ సరుకు!

"ఒక సంచిలో నింపుకో. వెంటనే పైకి రా."

"నింపేశా. బయట చలేస్తోందా మేడమ్? ఇక్కడ హాయిగా..."

మాట తెగిపోయింది.

ఒక క్షణం. రెండు.

"మేడమ్. గాలి ఆగింది."

ఆమె తిరిగి చూస్తుంది. వెనక పదడుగుల దూరంలో, సెవెర్ ముసుగుకి గాలి పంపే యంత్రం. అక్కడ కూర్చునే మనిషి ఒక్క నిమిషం కూడా లేవకూడదు. కుర్చీ ఖాళీ! వాల్వ్ మూసి ఉంది. తెరిచే ఇనుప పిడి లేదు. ఎవరో పీక్కెళ్లారు.

"నడుం దగ్గరున్న సీసాకి మారు!"

"మారాను. పది నిమిషాలు వస్తుంది. పైనుంచి కోస్తిన్ తాడు లాగుతున్నాడు... మేడమ్, తాడు రావట్లేదు! ఎక్కడో ఇరుక్కుంది!"

ఆమె మెట్ల వైపు పరుగెడుతుంది.

రియాక్టర్ నిండా నైట్రోజన్. వాసన లేదు. రంగు లేదు. ఈ యూనిట్‌లో అందరూ ముక్కుని నమ్ముకుని బతుకుతారు. బెంజీన్ తియ్యటి వాసన ఎంత దూరాన ఉన్నా పసిగడతారు. నైట్రోజన్ ముందు ఆ ముక్కు గుడ్డిది. రెండుసార్లు పీలిస్తే మూడో శ్వాస ఉండదు!

మొదటి మలుపు. రెండో మలుపు.

అక్కడ పాండెలే. గాలి యంత్రం దగ్గర ఉండాల్సిన మనిషి. రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతూ ఆయాసపడుతున్నాడు. ఈ వసంతంలో రిటైర్ కాబోతున్నాడు.

"బాబాయ్! కుర్చీ వదిలి ఎక్కడికెళ్లావ్?"

"కోస్తిన్ గేటు దగ్గరికి పొమ్మన్నాడమ్మా! ఫోనొచ్చిందట. వెళ్తే ఫోనూ లేదు, పాడూ లేదు. తిరిగొచ్చేసరికి పిడి మాయం! పైనున్నది వాడొక్కడే. వాణ్ణి నమ్మకండి!"

కోస్తిన్. నోటి దగ్గర కాపలా. తాడూ, దాన్ని చుట్టే వించీ అతని చేతిలోనే ఉంటాయి.

ఇద్దరూ ఎక్కుతారు. ఆమె ముందు. ఆయన వెనక.

ఏడు నిమిషాలు.

పైకి వచ్చేసరికి గాలి చెంపల మీద చరుస్తుంది. కోస్తిన్ రియాక్టర్ నోటి అంచున బోర్లా పడుకుని ఉన్నాడు. ముసుగు పక్కన పడి ఉంది. తల, ఒక చెయ్యి లోపల. చేత్తో తాడుని ఏదో చేస్తున్నాడు!

"చూశారా! తాడు కోసేస్తున్నాడు!" పాండెలే అరుస్తాడు.

"కోస్తిన్! వదులు దాన్ని!"

అతను తల తిప్పుతాడు. పెదాలు నీలం.

"విడిపో... యింది..."

అంతే. తల వేలాడిపోతుంది. ఒళ్లు మెల్లగా లోపలికి జారుతోంది!

ఆమె ఊపిరి బిగబడుతుంది. బెల్టు దొరకబుచ్చుకుని వెనక్కి లాగుతుంది. ఒకసారి. రెండోసారి. దూరంగా, గాలి వీచే వైపు ఈడ్చి పడేస్తుంది. చెంప మీద కొడుతుంది.

"ఊపిరి తీసుకో! తీసుకో వెధవా!"

దగ్గు. మళ్ళీ దగ్గు. ఆ దగ్గు ఆమెకి పాటలా వినిపిస్తుంది.

అప్పుడు ఆమెకి అర్థమవుతుంది.

కోస్తిన్ ముసుగుకీ గాలి వచ్చేది కింది యంత్రం నుంచే. అది ఆగాక ముసుగు తీసేశాడు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు ముసుగు లేకుండా ఆ నోట్లో తల పెట్టాడంటే కారణం ఒక్కటే. ఇరుక్కున్న తాడు విడిపించి లోపలున్నవాణ్ణి బతికించాలనుకున్నాడు!

మరి...

ఆమె నెమ్మదిగా తల తిప్పుతుంది.

పాండెలే వించ్ ముందు నిలబడ్డాడు. కోటు కింద నుంచి ఇనుప పిడి తీస్తాడు.

"బాబాయ్..."

"ముందు సంచి పైకి రానివ్వండమ్మా. తర్వాత మనిషి."

"ఐదు నిమిషాలుంది వాడికి!"

"అందుకే తొందరగా చెప్పండి."

పిడిని గట్టిగా పట్టుకుంటాడు. 

"చంపాలనుకోలేదు. గాలి ఆగితే సంచి వదిలేసి వచ్చేస్తాడనుకున్నా. ప్రాణం మీదికొస్తే సంచి ఎవడికి గుర్తుంటుంది? ఆ పాడు తాడు ఇరుక్కుంది. నేనేం చెయ్యను?"

ఆమె రేడియో నొక్కుతుంది. "సెవెర్. సంచి సన్న తాడుకి కట్టు."

"సంచా? మేడమ్, నన్ను ముందు లాగండి! సంచికి పెళ్లాం బిడ్డల్లేరు!"

"కట్టు నాయనా. దయచేసి."

సన్న తాడు పైకొస్తుంది. పాండెలే వెనక్కి వంగి, మొహం నోటికి దూరంగా పెట్టి లాగుతాడు. సంచి అందుకుంటాడు. కోటులో దోపుకుంటాడు.

పక్కకి తప్పుకుంటాడు.

ఆమె వించ్ చక్రం మీద పడుతుంది. తిప్పుతుంది. బరువు! భుజాలు పీకుతున్నాయి. సగం దూరంలో చేతులు ఆడవు.

మూడు నిమిషాలు.

అప్పుడు పక్కనుంచి ఇంకో రెండు చేతులు. ముసలి చేతులు. పాండెలే ఆమె భుజానికి భుజం ఆనించి తిప్పుతున్నాడు!

ఇద్దరూ కలిసి తిప్పుతారు.

పసుపు హెల్మెట్. భుజాలు. సెవెర్ అంచు దాటి గ్రిల్ మీద దొర్లుతాడు. ముసుగు పీకేస్తాడు.

"ఇంకాస్త ఆగుంటే... మా ఆవిడకి పెన్షన్ వచ్చేది!"

నవ్వబోయి ఏడ్చేస్తాడు. పాక్కుంటూ వెళ్లి కోస్తిన్ చెయ్యి పట్టుకుంటాడు.

పాండెలే కోటు గుండీలు పెట్టుకుంటాడు.

"ఆరింటికి మా బావమరిది షిఫ్ట్. కింద మిగిలినదంతా పీల్చి పాత డ్రమ్ముల్లో కలిపేస్తారు. మీరు నోరు మెదపరు."

"ఎందుకు మెదపను?"

"అరవై డ్రమ్ముల కేటలిస్టూ 'నా కళ్లముందే నింపారు' అని సంతకం పెట్టింది ఎవరు? మీరు! ఆ రోజు ఈ మెట్లెక్కారా? నేను ఎక్కి లెక్కపెడతా, చలిలో మీరెందుకమ్మా, టీ తాగండి అన్నా. తాగారు. ఇక్కడ ఏ ఇంజినీరు మాత్రం ఎక్కుతాడు ఫిబ్రవరిలో? అందరూ కిందే సంతకం పెడతారు. కానీ ఈ కాగితం మీదున్నది మీ పేరు. జైలుకి ఇద్దరం వెళ్తాం. ముందు మీరు."

ఇనుప పిడి చేతపట్టుకుని దిగిపోతాడు. అడుగుల చప్పుడు మెట్టు మెట్టుకీ సన్నగిల్లుతోంది.

సెవెర్ ఆమె వంక చూస్తాడు. "నిజమేనా మేడమ్?"



నిజమే. ఆ టీ వేడి ఆమెకి ఇంకా గుర్తుంది. చేతి తొడుగు తియ్యకుండానే పెట్టిన సంతకం గుర్తుంది. పైకి ఎక్కి ఒక్క డ్రమ్ము మూత తీసి చూసుంటే చాలు. సెవెర్ ఇవాళ చావుకి ఇంత దగ్గరగా వెళ్లేవాడు కాదు.

దూరాన కొండల మీద మంచు మెరుస్తోంది. సెవెర్ తన కోటు తీసి కోస్తిన్ మీద కప్పుతున్నాడు.

ఇప్పటిదాకా వాళ్లు మాట్లాడుకున్నది ఏడో ఛానెల్. నలుగురికే వినిపిస్తుంది. ఆమె రేడియో బొత్తాన్ని తిప్పుతుంది. ఆరు... నాలుగు... రెండు...

ఒకటి. అత్యవసరానికి మాత్రమే. ఆవరణలో ప్రతి లౌడ్‌స్పీకర్‌కీ వెళ్తుంది.

"నేను వెతూరియా బుర్లాకు. మూడో రియాక్టర్ పై నుంచి. ఇక్కడ పని ఆపండి. ఎవరూ లోపల చెయ్యి పెట్టొద్దు. నల్ల పొర కింద ఉన్నది ప్లాటినం లేని దొంగ సరుకు. రెండేళ్ల కిందట చూడకుండా సంతకం పెట్టింది నేనే. రాసుకోండి... నేనే! డ్రమ్ములు మార్చింది పాండెలే. పోలీసుల్ని పిలవండి."

ఆమె గొంతే నలుమూలల నుంచి తిరిగొచ్చి ఆమెను తాకుతుంది. పైపుల మీదుగా. ట్యాంకుల మీదుగా.



కింద మెట్ల మీద పాండెలే అడుగుల చప్పుడు ఆగిపోయింది.

సెవెర్ తలెత్తుతాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి వింటారు.

అడుగులు మళ్ళీ మొదలయ్యాయి.

పైకి!

పరుగెత్తుతూ...