పడుకుంది... లేపకు!

నాకు అన్నిటికన్నా భయం ఒక్కటే. నిద్రపోతున్న నా పాప గుండె మీద చెయ్యి వేసినప్పుడు... ఆ గుండె కదలకపోవడం. దయ్యమంటే ఇప్పుడు భయం లేదు. దయ్యంతో ఒకే నోరు పంచుకున్నదాన్ని నేను.

మిట్టమధ్యాహ్నం! మనిషి నీడ మనిషి పాదాల కిందే నక్కి, బయటికి రావడానికి జంకే ఘోరమైన వేళ! సరిగ్గా ఆ వేళకే ఇల్లు చూడ్డానికి రమ్మన్నాడు ఇంటాయన. "ఇల్లు అమ్మబడును" అని గేటుకు కట్టిన అట్టముక్క చూసి మా ఆయన ఫోన్ చేస్తే ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

"బ్రోకర్లూ గీకర్లూ రాకూడదు. ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి... మధ్యలో మూడో మనిషి వద్దు. అవునూ, పాలు తాగే బిడ్డ ఉందా ఇంట్లో?"

"పిల్లలంటే ప్రాణం కాబోలు పెద్దాయనకి," అని మురిసిపోయాడు మా ఆయన.

పాత ఇల్లు. మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు, అరిగి నున్నబడిన ఎర్రటి నేల. మా ఆయన కరెంటు పనివాడు. గదిగదికీ తిరిగి, స్విచ్చులు విప్పి చూశాడు. స్క్రూడ్రైవర్ పిడితో గోడా నేలా తట్టి చూశాడు. వెనకగదిలో ఒక బండ దగ్గర ఆగిపోయాడు.

"ఇక్కడ బోలుగా మోగుతోందేంటి బాబాయ్?"

"నా పళ్ళు తట్టినా అలాగే మోగుతాయిరా అబ్బాయ్! పాత ఇల్లు, పాత మనిషి!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. పాపని చంకనేసుకుని నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆగకముందే... మండుటెండలో, ఆకు లేని కొమ్మ మీద, గుడ్లగూబ కూసింది!

బేరం కుదిరి ఇల్లు మాదైన రోజు, వెనకగదికి తాళం వేసి, ఆ తాళంచెవి మాత్రం ఇంటాయన తన జేబులో వేసుకున్నాడు. "నా సామాను కాస్త ఉంది. అమావాస్యకి వచ్చి పట్టుకుపోతాను." ఇంటి తాళంచెవికి నల్లదారం చుట్టి ఉంది. మా ఆయన చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"ఊహూఁ, నీకు కాదు. బంగారుతల్లి పుచ్చుకోవాలి. నువ్వే దాని చెయ్యి పట్టి అందుకునేలా చెయ్యమ్మా."

ఎంత ముచ్చట అనుకున్నాను! నా పాప గుప్పిట నేనే విప్పాను. ఆ ఇనుము చుట్టూ ఒక్కో వేలూ నేనే మడిచాను. "తీసుకుందండీ," అన్నాను నవ్వుతూ. మంచుముక్క తగిలినట్టు పాప ఉలిక్కిపడింది.

ఆనాటి నుంచి నా పాపని నిద్ర ఆవహించింది! ఆకలికి లేవదు. పక్క తడిసినా ఏడవదు. పెదవులకి చనుమొన అందిస్తే పాలు చెంప మీదుగా కారిపోయేవి; ఉగ్గుగిన్నెతో పోసిన కాసిని చుక్కలే లోపలికి పోయేవి. డాక్టరు గుండె విన్నాడు, కళ్ళలోకి లైటు వేసి చూశాడు. "లోపమేమీ లేదు. నిద్రపోయే పిల్ల దొరికితే పండగ చేసుకోవాలి గానీ ఏడుస్తారేంటమ్మా!" అన్నాడు.

ఏడవక? ప్రతి మిట్టమధ్యాహ్నం తాళం వేసిన ఆ గది తలుపు దగ్గర ఎవరో జోల పాడుతున్నారు! మాటల్లేని, తడారిపోయిన రాగం... అది చెవిన పడగానే, నా బిడ్డ తాగని పాలు నా జాకెట్టు తడిపేసేవి. ఎవరి బిడ్డ కోసం?

ఒకరోజు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగిపోయాను. నా నోరు దానంతటదే తెరుచుకుంది. వచ్చిన గొంతు నాది కాదు!

"టోపీ ఏది? పసుప్పచ్చ ఉన్ని టోపీ... నేనే అల్లాను. చెవులకి గాలి తగులుతుందయ్యా పాపకి..."

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మన పాపకి పసుపు టోపీ ఎక్కడిదే?"

"పాప లేచిందా? ఒక్కసారి చూడనివ్వరూ... లేపనులే... చూసి వచ్చేస్తాను..."

నా కళ్ళ వెంట ధారలు. ఆ కన్నీళ్ళు నావి కావు.

అమావాస్య వచ్చింది. "ఇవాళ పనికి పోవద్దు, మీ అక్కయ్యగారింటికి తీసుకుపో" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "ఒక్క కనెక్షన్ ఇచ్చేసి వచ్చేస్తానే, బట్టలు సర్దుకో," అని పాప నుదురు ముద్దు పెట్టుకుని వెళ్ళాడు. ఆయన గేటు దాటిన కాసేపటికే దిక్కులన్నీ నల్లబడ్డాయి. పట్టపగలే కారుచీకటి! ఆకాశం చీలిపోతున్నట్టు ఉరుములు! గుడ్లగూబ ఆగకుండా కూస్తోంది...

ఇంటాయన వచ్చాడు.

జోకులేసిన ముసలాయన కాడు. ఒళ్ళంతా బూడిద! నిప్పుకణికల్లాంటి కళ్ళు! వెనకగది తాళం తీసి, నేల మీద బూడిదతో వలయం గీసి, బోలుగా మోగిన ఆ బండని ఎత్తాడు. గోతిలోంచి నల్లగుడ్డ చుట్టిన మూటని తీసి వలయం మధ్యలో పెట్టాడు. వికృతమైన మంత్రాలు పిడుగులతో పోటీపడి గోడలు అదరగొట్టాయి.

నేను పారిపోదామనుకున్నాను. నా కాళ్ళు ఆ గదిలోకే నడిచాయి!

"పిల్లని కింద పెట్టు," అన్నాడు. నా చేతులే పెట్టాయి. నిద్రలోనే నా పాప ఊపిరి సన్నబడుతోంది... దారం తెగబోతున్నట్టు...

"తాళం అది పుచ్చుకుంది. ఇక తల్లివి నువ్వు 'ఇచ్చాను' అనాలి. ఒక్కమాట! అను!"

పళ్ళు బిగబట్టాను. వాడు నా కళ్ళలోకి వంగి, నాతో కాదు, నా లోపలున్న ఆవిడతో మాట్లాడాడు... అచ్చం మొగుడు పెళ్ళాంతో మాట్లాడినట్టు!

"ఏమే, విన్నావా? మన పాప పడుకునే ఉంది. లేపకు. దీని చేత ఆ మాట అనిపించావంటే, అది దానంతటదే లేస్తుంది."

అంతే! నా నాలుక నాది కాకుండా పోయింది. "ఇ..." అని పలికింది. పాపం, ఆవిడ నమ్మింది! ఇన్నేళ్ళూ నమ్ముతూనే ఉంది!

ఒక్క మెరుపు మెరిసింది. ఆ వెలుగులో నల్లగుడ్డ అంచున... పసుప్పచ్చ ఉన్నిపోగు!

నాకంతా అర్థమైంది. మిగిలిన కాస్త ఊపిరితో, మా ఇద్దరి నోటితో, అరిచాను.

"అక్కా! టోపీ! అదిగో నీ పాప టోపీ!"

నాలుక ఆగింది. నా చేతిని ఆవిడే చాపింది. "ముట్టుకోకు!" అని వాడు గర్జించేలోపే ఆవిడే గుడ్డ లాగేసింది. దోసిట్లో ఇమిడే పుర్రె. నెత్తిన, చిమ్మటలు కొట్టేసిన పసుపు టోపీ.

"అక్కా," అన్నాను ఏడుస్తూ, "నీ పాప పడుకోలేదమ్మా."

ఆ క్షణాన ఆవిడ బతుకంతా నా కళ్ళముందు కదిలింది. పొత్తిళ్ళలో బిడ్డని ఈ గదిలోకి తీసుకుపోయి తలుపేసుకున్న మొగుడు... "పడుకుంది, లేపకు" అన్న మాట... గడప దగ్గర కూర్చుని, తిండి మాని, ప్రాణం పోయాక కూడా లేవని తల్లి... ఆ ఎదురుచూపే క్షుద్రశక్తిని వాడి చేతికి కట్టి ఉంచిన గొలుసు!

ఆ గొలుసు ఇప్పుడు తెగింది.

ఆవిడ కేక పెట్టలేదు. టోపీ చెవుల మీదికి సర్దింది. సర్దడానికి చెవులు లేవు. అయినా సర్దింది. తర్వాత తలెత్తి చాలా మెల్లగా అంది.

"పడుకుందన్నావుగా?"

వాడు వెనక్కి పాకాడు. బూడిద వలయం పాములా కదిలి కాళ్ళకు చుట్టుకుంది! మంత్రం చదవబోయిన నోట్లోంచి బూడిదే రాలింది! "వద్దే! నేనే! మీ ఆయన్నే!" అని వాడు గుడ్లు తేలేస్తుంటే, కప్పు అదిరేలా ఒకే ఒక్క పిడుగు...

"ఇక నువ్వు పడుకో. నిన్నెవరూ లేపరు."

వాడున్నచోట పిడికెడు బూడిద మిగిలింది.

అప్పుడు... నా పాప ఏడ్చింది! ఎన్నాళ్ళకో ఆకలితో, కోపంతో, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది! నేను వంగేలోపే ఆవిడ నా చేతులతో ఎత్తుకుంది. ఒళ్ళో పడుకోబెట్టుకుని నా పాలు పట్టింది. నేను అడ్డుపడలేదు. నా బిడ్డ గుటకలు వేసినంతసేపూ తల్లిగా ఆవిడనే ఉండనిచ్చాను. చివరి గుటకతో పాటు నా ఒళ్ళు తేలికైపోయింది.

పుర్రెని, టోపీ తియ్యకుండానే, పెరట్లో ఎండ పడేచోట మా ఆయన చేత పాతిపెట్టించాను. ఇప్పుడు మధ్యాహ్నాలు ఆ తలుపు దగ్గర జోల లేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను వినలేకపోతున్నాను. నీ పాప పడుకోలేదన్న ఆ మాట చెప్పకపోతే నా పాప నాకు దక్కేది కాదు. చెప్పాక ఆ తల్లికి ఎదురుచూడ్డానికి కూడా ఏమీ మిగల్లేదు.

ఇది చదువుతున్న అమ్మా, అయ్యా! మీ పక్కగదిలోనూ ఎవరో పడుకునే ఉంటారు. పడుకుంది, లేపకు అని మీకు ఎవరో చెప్పే ఉంటారు. చెప్పినవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. అయినా సరే, చదవడం పక్కన పెట్టి ఒక్కసారి లేవండి. వెళ్ళి, గుండె మీద చెయ్యి వేసి చూసి రండి.