చిక్కటి ఆయిల్, చిక్కిన ప్రాణం

తెల్లవారేసరికి కొండ మలుపులో శవం దొరికింది.

మోటార్‌హోమ్ లోపల. రెండు దుప్పట్లు, మూడు స్వెటర్లు, బిగిసిన పిడికిట్లో ఇంజిన్ తాళం. ఒంటిమీద గాయం లేదు. చలికి పోయాడు. స్టార్టర్ తిప్పి తిప్పి బ్యాటరీ చచ్చింది. బ్యాటరీతో హీటర్, హీటర్‌తో మనిషి.

రిటైరయ్యాక ఇంటికి చక్రాలు కట్టించుకున్న డ్రాయింగు మాస్టారాయన. ఇల్లే బండి అనుకున్నాడు. బండే పాడె అయింది.

ఇన్‌స్పెక్టర్‌ని స్టేషన్లో జిడ్డు అంటారు. పట్టుకుంటే సబ్బుకి కూడా వదలడని. ఆయన డిప్‌స్టిక్ లాగి చూశాడు. ఆయిల్ బొట్టు కారలేదు, పాకంలా వేలాడింది. ల్యాబ్ రిపోర్ట్ కూడా అదే అంది. 20W-50. ఎండలకి పనికొచ్చే చిక్కటి రకం. మంచులో ఆయిల్ గడ్డకట్టింది, ఆయువు తీరింది.

మాస్టారి భార్య మెకానిక్ మీద కంప్లైంట్ ఇచ్చింది. మెకానిక్ లాకప్‌లో పడ్డాడు. చలికొండలకి తగ్గ పల్చటి ఆయిలే పోశానని, దాని నంబర్‌తో ఇంజిన్ కవర్ మీద స్టిక్కర్ అంటించానని మొత్తుకున్నాడు. అక్కడ స్టిక్కర్ లేదు. జిగురు మరక ఉంది. రేపు కోర్టులో ఆ మరక సాక్ష్యం చెప్పదు. చెప్పేవాళ్ళు దొరక్కపోతే అతనికి జైలే.

ఇన్‌స్పెక్టర్ మాస్టారి భార్యని, మాస్టారి తమ్ముణ్ణి పిలిపించాడు. శవాన్ని మొదట చూసింది ఆ తమ్ముడే.

"అన్నయ్య బండి మీరే చూసుకునేవారా?"

"కడగడం, గాలి కొట్టించడం. అంతే సార్."

"ఆయిల్?"

"అది మెకానిక్ పని. వాడి బుర్రలోనే ఆయిల్ తక్కువ. నాలుగు టన్నుల బండికి ఎవడైనా ఐదు పోస్తాడా?"

"ఐదేంటి?"

"ఐదు డబ్ల్యూ. ఐదు వెయిట్ అంత బరువుకి ఏ మూలకి?"

ఇన్‌స్పెక్టర్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"బండిలో ఉన్నది ఇరవై. ఐదని మీకెవరు చెప్పారు?"

తమ్ముడు వదిన వైపు చూశాడు.

ఇన్‌స్పెక్టర్ వదల్లేదు. "ఐదని మెకానిక్ నాకొక్కడికే చెప్పాడు. మాస్టారికి నంబర్లు పట్టవు, సరైనది పొయ్యమన్నారంతే. ఇంక ఆ ఐదు ఉన్నది స్టిక్కర్ మీద. ఎప్పుడు చింపారు?"

తమ్ముడి నోట మాటలు మెల్లగా కారాయి. ప్రయాణానికి ముందు స్టిక్కర్ చూశాడు. అంత బరువుకి ఇంత పల్చనా అని అన్నయ్య మీద జాలిపడ్డాడు. పాతది తీసేసి, చేతిచమురు వదిలించుకుని మరీ ఇరవై పోశాడు. శవాన్ని చూశాక, ఇంజిన్ మొండికేసింది తను పోసిన ఆయిల్ వల్లేనేమోనని భయపడి స్టిక్కర్ పీకేశాడు.

"డబ్ల్యూ అంటే వెయిట్ కాదు. వింటర్. ఆ అంకె చిన్నదైనకొద్దీ ఆయిల్ చలిని తట్టుకుంటుంది."

"అయితే అన్నయ్యని చంపింది నేనేనా సార్?"

ఇన్‌స్పెక్టర్ ల్యాబ్ రిపోర్ట్‌ని అతని ముందుకి జరిపాడు.

వదిన లేచింది. కంప్లైంట్ వెనక్కి తీసుకుంటానని, ముందు మెకానిక్‌ని వదలమని అడిగింది. తర్వాత మరిది వైపు తిరిగింది.

"పోసింది తెలియక, నాయనా. చింపింది మాత్రం తెలిసే."