బందరు తుప్పుచెవి

ఇది 2091లో బందరులో జరగబోయే కథ. ఇందులో తుప్పురవ్వంత కల్పన కూడా లేదని ముందే ఒట్టేస్తున్నాను. ఇంకా జరగని దాంట్లో అబద్ధం ఎలా దూరుతుంది చెప్పండి?

అప్పటికి బళ్లు నేల మీద నడవడం మానేశాయి. తలెత్తితే జనం, దించితే ఖాళీ రోడ్డు. ఆ రోడ్డు పక్కన కార్ల సొట్టలు తీసే ఒకే ఒక్క డెంటింగ్ షెడ్డు. అందులో డెబ్బై ఆరేళ్ల పైడిరాజు, గుండ్రటి ముక్కున్న ఓ పెట్రోలు కారు. పలకరించే దిక్కులేక ఆయనే రోజూ డోరు మీద వేలి కణుపుతో కొట్టేవాడు. ఠంగుమంటే, “నువ్వు బానే ఉన్నావులే” అనేవాడు.

పాత కార్లకో చట్టం ఉంది. తుప్పు నూటికి నలభై దాటితే బండి కొలిమికి. అసలు లేకపోతే శాశ్వత పత్రం, ఆ తర్వాత ఎవరూ రారు. మధ్యస్థంగా ఉంటే ఏటా తనిఖీ.

తనిఖీకి వచ్చేది డాక్టర్ హిమజ. ‘తుప్పుచెవి’ని కనిపెట్టింది ఆవిడే. కొబ్బరిచిప్పంత యంత్రం. రేకుకు ఆనిస్తే అల్ట్రాసోనిక్ తరంగాలను, అంటే మన చెవికందని ధ్వనిని, లోపలికి పంపుతుంది. ప్రతిధ్వనిని బట్టి ఎంత ఇనుము మిగిలిందో, ఏ పొరను ఏ నెలలో తుప్పు తిన్నదో చెప్పేస్తుంది. పుట్టీ పూసి రంగేసినా దాని ముందు దాగదు.

ఆ ఏడు కారు అడుగు రేకుకు ఆనించగానే తుప్పుచెవి పలికింది. “ముప్పై తొమ్మిది. ఇది సముద్రపు గాలి పని కాదు. గాలి తుప్పు అంచుల నుంచి, ఏడాది పొడుగునా పాకుతుంది. ఇది మ్యాటు కింద, ఒక్కచోట, ఏటా తనిఖీకి నెల ముందు. ఉప్పునీళ్లు. ఎవరో పోశారు.”

పైడిరాజు చేతిలోని సుత్తిని అటూ ఇటూ తిప్పాడు.

“బాబాయ్ గారూ, ఇంకో గ్లాసు పోసుంటే కొలిమికి పోయేది!”

“కొలిచే పోశానమ్మా. ఈసారే కాస్త ఎక్కువ పడింది.”

“ఎందుకు పోశారసలు?”

“రేకు మార్చడం నాకు రెండ్రోజుల పని. మార్చేస్తే నువ్వెందుకొస్తావు? ఏడాదికి ఒక్కరోజు మనిషి గొంతు వినిపిస్తది. ఈ డోరు ఎంత కొట్టినా ఒకటే మాట.”

 హిమజ కారు కిందికి వంగి, చింతగింజంత సెన్సర్‌ను చూపించింది.

“నాలుగేళ్ల కిందటే దీన్ని అతికించాను. అప్పట్నుంచీ ఆఫీసులో కూర్చునే మీ తుప్పు చదవొచ్చు.”

“మరి ఇంతదూరం రావడం దేనికి?”

“మీ పెసర పునుగుల కోసం. నా ఇంట్లోనూ మాట్లాడేది ఈ చిప్పొక్కటే. రేకు మార్చెయ్యండి, వస్తాను.”

కథ ఇంతే. తుప్పుచెవి నిజం, ఉప్పునీళ్లు నిజం, పునుగులు మరీ నిజం. ఆ చింతగింజ మాత్రం నేను అతికించిందే. నిజానికి హిమజ “ఇక పోయకండి” అని తుప్పుచెవి పెట్టె మూసుకుని వెళ్లిపోయింది. ముసలాణ్ణి ఆ డోరుతో వదిలి రావడానికి నాకే మనసొప్పలేదు.